సరదాగా మొదలుపెట్టాను, ఇప్పుడు ఆపనివ్వడం లేదు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఇద్దరు పిల్లలు. చాలా ఏళ్లు ఉద్యోగం చేసి అలిసిపోయి, ఈ మధ్యే ఏడాది సెలవు పెట్టాను. 1950ల నాటి అమెరికన్ గృహిణిలా రోజు గడిపి చూపించే వీడియోలు చూసి ముచ్చటపడి నేనూ మొదలుపెట్టాను. సోమవారం బట్టలు ఉతకడం, మంగళవారం ఇస్త్రీ, బుధవారం కుట్టుపని, గురువారం సరుకులు, శుక్రవారం ఇల్లు శుభ్రం చేయడం... ఇలా రోజుకో పని. మావారు వచ్చేసరికి ఇల్లంతా సర్ది, నేనూ తయారై ఉంటాను. నిజం చెప్పాలంటే నాకు చాలా నచ్చింది. కానీ మావారు ఇప్పుడు ‘ఇదే బాగుంది, ఉద్యోగం మానెయ్’ అంటున్నారు. ‘ఖర్చులకు నేనిస్తున్నాగా, నీకు వేరే ఖాతా ఎందుకు’ అని నా డబ్బు ఆయన ఖాతాలో వేయమంటున్నారు. మొన్న జ్వరంగా ఉండి పడుకుంటే, ‘ఇవాళ శుక్రవారం కదా, ఇల్లు అలాగే ఉందేం’ అన్నారు. ఇష్టపడి మొదలుపెట్టిన పని ఇప్పుడు గుండెల మీద బరువులా ఉంది. కొనసాగించాలా, మానెయ్యాలా?

- ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందుగా మీకు కలిగిన సంతోషం గురించి మాట్లాడుకుందాం. అది నిజమైనదే. దానికి సిగ్గుపడకండి. ఆఫీసు, ఇల్లు రెండూ నెత్తిన పెట్టుకుని, ఏ పనీ పూర్తి కాలేదన్న దిగులుతో నిద్రపోయిన మనిషికి ‘ఈ రోజుకి ఇస్త్రీ ఒక్కటే’ అనుకోగలగడం ఎంత హాయి! మీ మనసు కోరుకున్నది ఆ తెరిపినే అని నాకనిపిస్తోంది. అది దొరకడానికి పాత కాలంలోకి వెళ్లక్కర్లేదు.

ఆ కాలం గురించి వీడియోలు చూపించనివి కొన్ని చెబుతాను. ఇస్త్రీనే తీసుకోండి. ఆరిన బట్టల మీద, మూతకు చిల్లులున్న సీసాతో నీళ్లు చిలకరించేవారు. చెమ్మ అంతటా సమంగా పట్టాలని ఒక్కోదాన్నీ చుట్టి పెట్టేవారు. ఆ పూట ఇస్త్రీ కుదరకపోతే బూజు పట్టకుండా వాటిని ఫ్రిజ్‌లో దాచేవారు. ఆ తర్వాత గంటల తరబడి వేడి పెట్టె ముందు నిలబడేవారు. యంత్రాలు వచ్చాక కూడా వాళ్ల పని తగ్గలేదు. జోఆన్ వానెక్ అనే పరిశోధకురాలు 1974లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఉద్యోగం చేయని అమెరికన్ గృహిణులు 1920లలో వారానికి సుమారు 52 గంటలు ఇంటిపని చేస్తే, 1960లలో 55 గంటలు చేశారు. ఉతకడం తేలికయ్యేసరికి ఇంట్లో వాళ్లు బట్టలు మార్చడం ఎక్కువైంది, ఇల్లు ఎంత శుభ్రంగా ఉండాలన్న అంచనా కూడా పెరిగింది. మీ ఇంట్లోనూ అదే జరుగుతోంది. మొదట్లో మీవారికి ఆశ్చర్యంగా ఉన్నది ఇప్పుడు మామూలైపోయింది, మామూలు అయినది ఒక్కరోజు లేకపోతే లోటుగా కనిపిస్తోంది. జ్వరంతో ఉన్న మనిషిని అలా అడగడం మాత్రం తప్పే. ఆ మాట మిమ్మల్ని బాధపెట్టిందని ఆయనతో చెప్పి తీరాలి.

అప్పట్లో ఆడవాళ్లందరూ ఇంట్లోనే ఉండేవారన్నది కూడా నిజం కాదు. 1950లో అమెరికాలో దాదాపు మూడో వంతు మంది ఉద్యోగం చేస్తూనో, వెతుక్కుంటూనో ఉన్నారు. ఇంట్లో ఉన్నవాళ్లంతా తృప్తిగా ఉన్నారనీ చెప్పలేం. బెటీ ఫ్రీడాన్ అనే అమెరికన్ రచయిత్రి 1957లో తన కాలేజీ సహాధ్యాయినులకు ప్రశ్నలు పంపితే, చదువు, ఇల్లు, పిల్లలు అన్నీ ఉన్నా ఏదో వెలితిగా ఉందని రాసినవాళ్లు చాలామంది.

అన్నిటికంటే ముఖ్యం డబ్బు. 1974లో రుణాల విషయంలో సమానత్వ చట్టం వచ్చేదాకా, పెళ్లయిన స్త్రీ తన పేరున అప్పో క్రెడిట్ కార్డో కావాలంటే భర్త సంతకం తెమ్మని అమెరికన్ బ్యాంకులు అడగగలిగేవి. కాలిఫోర్నియాలో 1970 దాకా, విడిపోవాలంటే ఎదుటివారి తప్పు నిరూపించాల్సి వచ్చేది. ఆ గృహిణికి నచ్చినా నచ్చకపోయినా అదే బతుకు. మీరు మాత్రం ఇష్టమై మొదలుపెట్టారు, వద్దనుకున్న రోజున ఆపేయగలరు. మీ సరదా సరదాగా ఉన్నది అందుకే. ఉద్యోగం, ఖాతా రెండూ వదిలేస్తే ఆ వీలు పోతుంది. మీ గుండెల మీద బరువు ఇస్త్రీపెట్టెది కాదమ్మా, ఆ వీలు పోతుందన్న భయానిది.

అందుకని రాజీనామా ఇప్పుడు వద్దు. డబ్బు మార్చవద్దు, ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దు. ‘సెలవు పూర్తయ్యేదాకా ఆలోచించుకుంటాను’ అనండి, సంజాయిషీలు అక్కర్లేదు. ఇంటిపనే నా జీవితం అని రేపు మీరే నిర్ణయించుకుంటే అది గౌరవమైన నిర్ణయమే. అప్పుడు కూడా మీ పేరున ఖాతా ఉండాలి, అందులో ప్రతి నెలా డబ్బు పడాలి. ఇంటి లెక్కలు ఇద్దరికీ తెలియాలి.

మీవారు చెడ్డవారని నేననడం లేదు. సుఖం అలవాటైతే ఎవరికైనా వదులుకోబుద్ధి కాదు. సెలవు రోజున ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు కూర్చోబెట్టి, ‘నేను ఇష్టపడి చేశాను, నా నుంచి రాబట్టుకునే పనిగా చూస్తే చేయలేను’ అని చెప్పండి. తర్వాత పట్టికలో రెండు రోజులు ఆయనకు ఇవ్వండి, శుక్రవారం అందులో ఒకటి. పిల్లలకూ వాళ్ల వయసుకు తగ్గ పని చెప్పండి. అమ్మ పడుకుంటే ఇల్లు ఆగిపోవడం వాళ్లు చూస్తూ పెరగకూడదు. ఆయన చేసిన పని మీ పనిలా ఉండకపోయినా సరిదిద్దకండి, ఇది మీకు కష్టమే. కుట్టుపని మాత్రం వదలకండి. ఎవరి కోసమో తయారై కూర్చోవడం ఇష్టమైన రోజున చేయండి, లేని రోజున పాత బట్టల్లోనే ఉండండి.

ఇదంతా చెప్పాక ఆయన ఆలోచనలో పడితే, మీ ఇద్దరి మధ్య సర్దుబాటు సాధ్యమే. అలా కాక కోపంతో మాట్లాడటం మానేసినా, ఇంటి ఖర్చుకు డబ్బు ఆపినా, ఖాతా గురించి ఒత్తిడి పెంచినా, ఇక పట్టికల గురించి చర్చించవద్దు. మీవైపు పెద్దల్లో మీరు నమ్మే ఒకరికి జరిగింది చెప్పండి, ఇద్దరూ కలిసి కుటుంబ సలహాదారు దగ్గరకు వెళ్లండి. ఆయన రానంటే మీరొక్కరైనా వెళ్లండి. ఈలోగా సెలవు ఎప్పటిదాకా ఉందో, తిరిగి చేరడానికి ఆఫీసుకు ఎప్పుడు తెలియజేయాలో చూసుకుని, ఆ తేదీ రాసి పెట్టుకోండి.