చూపు దించుకుంటే అబద్ధమేనా?

ప్రశ్న: కావలి దగ్గర మా బావమరిదితో కలిసి రొయ్యల గుంటలు లీజుకు తీసుకున్నాను. నాకు నెల్లూరులో ఉద్యోగం కాబట్టి గుంటల మీద ఉండేది అతనే. మొన్నటి పంట లెక్క తేడాగా ఉందేమని అడిగితే, నా కళ్లలోకి చూడకుండా తల వంచుకుని ఏదో చెప్పాడు. మనిషిని చూసి అబద్ధాన్ని కనిపెట్టే మార్గం ఉందా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: నమ్మదగిన మార్గం లేదండీ. అబద్ధమాడేవారు చూపు తప్పిస్తారన్న నమ్మకం మన ఒక్కరిదే కాదు. 58 దేశాల వారిని అడిగి 2006లో ప్రచురించిన పరిశోధనలోనూ అందరికంటే ఎక్కువమంది చెప్పిన గుర్తు అదే. అయితే అదే సంవత్సరం చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అంతకు ముందు జరిగిన ప్రయోగాలను కలిపి లెక్కగడితే, ఎదుటివారి మాట నిజమో కాదో జనం సరిగా చెప్పగలిగినది నూటికి సుమారు 54 సార్లే అని తేలింది. బొమ్మా బొరుసా వేసుకున్నా 50 వస్తాయి. పైగా అక్క భర్త నిలదీసినప్పుడు తమ్ముడు తల వంచుకోవడం మన పల్లెల్లో మర్యాద కిందికే వస్తుంది.

ముఖాన్ని వదిలి లెక్కను పట్టుకోండి. వనామీ రకం రొయ్యల సాగులో కిలో రొయ్యకు కిలోంబావు నుంచి కిలోన్నర దాకా మేత పడుతుందని మీకు తెలిసే ఉంటుంది. 25 కిలోల బస్తాలు 400 వేశామంటే పది టన్నుల మేత. ఏడు టన్నులకు అటూ ఇటూగా పట్టుబడి రావాలి. నాలుగున్నర టన్నులే వస్తే, బస్తాలు గుంటకు చేరకపోయి ఉండవచ్చు. మేత అడుగున కుళ్లిపోయి ఉండవచ్చు. రోగం వచ్చి నడుమలోనే రొయ్య చనిపోయి ఉండవచ్చు. ఈ మూడింటిలో దొంగతనం ఒక్కటే.

డిపాలో బృందం 1996లో ప్రచురించిన మరో అధ్యయనంలో మనుషుల చేత రోజూ తమ అబద్ధాలను తామే రాయిస్తే, వాటిలో డబ్బు కోసం ఆడినవాటి కంటే పరువు కాపాడుకోవడానికీ, ఇబ్బంది తప్పించుకోవడానికీ ఆడినవే ఎక్కువగా కనిపించాయి. రాత్రి కరెంటు పోయినప్పుడు జనరేటరు వేయడం ఆలస్యమై, నీటికి గాలినందించే ఏరేటర్లు ఆగి, తెల్లారేసరికి రొయ్య తేలిపోయిందని బావకు చెప్పుకోలేక మీ బావమరిది లెక్క మార్చి ఉంటే, అది కూడా అబద్ధమే. కానీ దానికి మందు వేరు.

కాబట్టి "ఎంత తిన్నావు?" అని మొదలుపెట్టకండి. చివరి పట్టుబడి రోజు నుంచి వెనక్కి, వారం వారం ఏం జరిగిందో చెప్పమనండి. ఏ వారం చెక్ ట్రేలో (మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెంలో) మేత మిగిలింది, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు) ఎంత ఉంది, మేత కొట్టు బిల్లు ఏ తేదీది అని మధ్యలో అడగండి. కట్టుకథను వెనక నుంచి చెప్పడం కష్టం. అతను తడబడితే అదే రుజువని మాత్రం అనుకోవద్దు, భయపడినవాడూ తడబడతాడు. చెప్పినదాన్ని బిల్లులతో సరిచూడండి.

ప్రశ్న: మా దుకాణం గల్లాలో డబ్బు తగ్గుతోంది. పనిచేసే అబ్బాయికి లై డిటెక్టర్ పరీక్ష చేయించవచ్చా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ఆ యంత్రం కొలిచేది గుండె వేగం, శ్వాస, చెమట, అబద్ధాన్ని కాదు. ఏ తప్పూ చేయనివారికీ భయంతో అవి పెరుగుతాయి. సమ్మతి లేకుండా ఎవరికీ ఈ పరీక్ష చేయరాదని సుప్రీంకోర్టు 2010లో సెల్వీ కేసులో పోలీసులకే చెప్పింది. మీరు రోజూ దుకాణం కట్టేసే ముందు గల్లాను ఆ అబ్బాయి ఎదుటే లెక్కించి, పుస్తకంలో ఇద్దరూ సంతకం చేయండి.