40 హెర్ట్జ్ వెలుగుతో మతిమరుపు తగ్గుతుందా? ఈఈజీ తీసే మనిషిగా, ఒక కూతురిగా నా జవాబు

మీరు రెండు సంగతులు అడిగారు. మెదడు తరంగాలకూ మతిమరుపుకూ ఉన్న సంబంధం మీద ఒక న్యూరోసైంటిస్ట్ చేసిన పరిశోధన చదివారు. సెకనుకు 40 సార్లు (40 హెర్ట్జ్) మిణుకుమనే దీపం కొని మీ అమ్మగారి ముందు పెట్టవచ్చా అన్నది మొదటిది. ఈఈజీ, అంటే తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు విద్యుత్ తరంగాలను రికార్డు చేసే పరీక్ష, తీయిస్తే అల్జీమర్స్ అవునో కాదో తేలిపోతుందా అన్నది రెండోది. నేను పద్నాలుగేళ్లుగా ఈఈజీ తీసే పనిలో ఉన్నాను. మా నాన్నకు అల్జీమర్స్. మీ ప్రశ్న చూశాక ఊరుకోలేకపోయాను.

రోజూ నేను చేసే పని ఇది. తల మీద కొలతలు తీసి, చర్మం కాస్త రుద్ది, పేస్ట్ పెట్టి ఎలక్ట్రోడ్లు అతికిస్తాను. అక్కడ అందేది పదుల మైక్రోవోల్టులే. ఒక మైక్రోవోల్టు అంటే వోల్టులో పది లక్షల వంతు. పళ్లు బిగబట్టినా, రెప్ప వేసినా ఆ సిగ్నల్ చెదిరిపోతుంది. అన్నీ కుదురుకున్నాక "కళ్లు మూసుకోండి" అంటాను. ఒక్క సెకనులో తల వెనక భాగంలో అందమైన అలలు మొదలవుతాయి, సెకనుకు 8 నుంచి 13. "కళ్లు తెరవండి" అనగానే అణిగిపోతాయి. జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ 1924లో మనిషి మెదడు తరంగాలను మొదటిసారి రికార్డు చేసి, 1929లో ప్రచురించాడు. ఈ ఆల్ఫా లయను గుర్తించి పేరు పెట్టింది ఆయనే. వేల సార్లు చూశాను, నాకు ఇప్పటికీ విసుగు రాలేదు.

ఒక్క నాడీకణం చప్పుడు తల పైదాకా రాదు. బరువు లాగేవాళ్లు హైలెస్సా అని ఒక్కసారిగా లాగినట్టు, లక్షల కణాలు ఒకే వేళకు పనిచేస్తేనే మనకు అల కనిపిస్తుంది. ఆ వేళ తప్పకుండా చూసేవి చాలావరకు పక్క కణాలను ఆపే రకం కణాలు. ఎప్పుడు ఆగాలో అవి చెప్తాయి, అందుకే మిగతావి కలిసి కదులుతాయి. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌లో నెమ్మదిగా సాగే థీటా అల మీద వేగంగా కదిలే గామా అలలు (సెకనుకు 30కి పైన, మీరు అడిగిన 40 హెర్ట్జ్ వీటిలోదే) ఎక్కి ఉంటాయి. ఒక్కో గామా అల ఒక్కో విషయాన్ని పట్టుకుంటుందని 1995లో జాన్ లిస్‌మన్, మార్కో ఇడియార్ట్ ప్రతిపాదించారు. ఈ లయ చెడటం ఒక్కో జబ్బులో ఒక్కో తీరుగా ఉంటుంది. స్కిజోఫ్రీనియాలో సెకనుకు 40 సార్లు టక్‌టక్‌మనే శబ్దం వినిపిస్తే మెదడు దాన్ని అనుసరించడంలో వెనకబడుతుంది. పార్కిన్సన్స్‌లో ఆల్ఫా కంటే వేగమైన బీటా లయ అవసరానికి మించి బిగుసుకుపోతుంది. అల్జీమర్స్‌లో మొత్తం మీద అలలు నెమ్మదిస్తాయి, ఆల్ఫా తగ్గి, దానికంటే నెమ్మదైన థీటా, డెల్టా పెరుగుతాయి.

ఈ చివరి వాక్యమే నన్ను తప్పుదారి పట్టించింది. నాన్నకు అరవై ఎనిమిదేళ్లప్పుడు అడిగిందే అడగడం మొదలైంది. ఎలక్ట్రోడ్లు నేనే పెట్టాను. "కళ్లు మూసుకో నాన్నా" అన్నాను. ఆల్ఫా రాలేదు. సెకనుకు ఆరు అలలు, థీటా. నా గుండె జారిపోయింది. ఆ రాత్రంతా తెల్లవార్లూ కూర్చున్నాను, అమ్మకు ఎలా చెప్పాలా అని.

మర్నాడు న్యూరాలజిస్ట్ ఆ రికార్డు చూసి మొదట అడిగిన మాట: "రాత్రి ఏం మాత్ర వేసుకున్నారు?" నాన్న కొన్ని నెలలుగా నిద్రమాత్ర వేసుకుంటున్నారు. మనిషి మగతలోకి జారితే ఆల్ఫా పోయి థీటా వస్తుంది. కొత్తగా పని నేర్చుకునేవాళ్లకు నేను మొదట చెప్పే పాఠం అదే. తల ముందు భాగంలో బీటా కూడా ఎక్కువగా ఉంది. ఆ రకం మాత్రలు వాడేవాళ్లలో అది మామూలు. కంటికి కనిపించింది, మనసుకు ఎక్కలేదు. కూర్చున్నది నాన్న కాబట్టి నాకు జబ్బే కనిపించింది.

డాక్టర్ గారు ఆ మాత్రను మెల్లమెల్లగా తగ్గించారు. బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించాం, రెండూ బాగానే ఉన్నాయి. కొన్ని వారాల తర్వాత పొద్దున పూట, మధ్యమధ్య పలకరిస్తూ మళ్లీ తీశాను. ఆల్ఫా వచ్చింది, సెకనుకు ఎనిమిదికి కొంచెం పైన. ఆ వయసుకు అది మామూలే. గండం గడిచిందని సంబరపడ్డాను. గడవలేదు. ఏడాదిన్నర తర్వాత రోజూ నడిచే దారిలోనే నాన్న తప్పిపోయారు. జ్ఞాపకశక్తి పరీక్షలు, ఎంఆర్ఐలో చిక్కిపోయిన హిప్పోకాంపస్, ఆ మధ్య కాలంలో మేము ఇంట్లో గమనించినవి, ఇవన్నీ కలిపి చూసి అల్జీమర్స్ అని నిర్ధారించారు. చెడ్డగా వచ్చిన మొదటి ఈఈజీ జబ్బును రుజువు చేయలేదు, బాగున్న రెండో ఈఈజీ జబ్బు లేదని హామీ ఇవ్వలేదు. మీ రెండో ప్రశ్నకు నా జవాబు ఇదే.

అలాగని ఈఈజీ వృథా అనుకోకండి. గందరగోళం రెండు మూడు రోజుల్లోనే ముంచుకొస్తే అది డెలీరియం కావచ్చు, కారణం దొరికితే చాలాసార్లు నయమవుతుంది. పైకి కనిపించని ఫిట్స్ వల్ల కూడా మనిషి మతి తప్పినట్టు ఉండవచ్చు. ఈ రెండింటిలో ఈఈజీ నిజంగా దారి చూపుతుంది. మెదడు కణాల్లో ఒక ప్రొటీన్ ముద్దలు చేరే లూయీ బాడీస్ రకం డిమెన్షియాలో (మతిమరుపు జబ్బులో) తల వెనక లయ నెమ్మదించడాన్ని, హెచ్చుతగ్గులు కావడాన్ని 2017లో సవరించిన నిర్ధారణ ప్రమాణాల్లో ఊతమిచ్చే గుర్తుగా చేర్చారు.

ఇక దీపం సంగతి. మీరు చదివింది అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో న్యూరోసైంటిస్ట్ లీ హువే త్సాయ్ చేసిన పని గురించే అయి ఉంటుంది. అల్జీమర్స్ లక్షణాలు వచ్చేలా పెంచిన ఎలుకలకు 40 హెర్ట్జ్ వెలుగు చూపిస్తే, చూపుకు సంబంధించిన మెదడు భాగంలో అమిలాయిడ్ (అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే ప్రొటీన్) తగ్గిందని 2016లో ఆమె బృందం ప్రచురించింది. 2019లో శబ్దంతో చేసినప్పుడు హిప్పోకాంపస్‌లో కూడా మార్పు చూశామన్నారు. ఆ వార్త చదివిన రోజు నాకు కళ్లు చెమర్చాయి. కానీ 2023లో న్యూయార్క్ యూనివర్సిటీలోని గ్యోర్గి బుజాకి బృందం ఎలుకల మీదే వెలుగు ప్రయోగాన్ని మళ్లీ చేస్తే అమిలాయిడ్ తగ్గడం కనిపించలేదు. హిప్పోకాంపస్ సొంత గామా లయ ఆ వెలుగుకు పెద్దగా కదలలేదని కూడా వాళ్లు చూపించారు. మనుషుల మీద జరిగిన చిన్న ట్రయల్స్‌లో చాలామంది ఇబ్బంది లేకుండా తట్టుకున్నారు. కానీ మతిమరుపు తగ్గుతుందని తేల్చేంత పెద్దవి కావు అవి.

నా అనుభవం నుంచి ఒక మాట. ఈఈజీ తీసేటప్పుడు మేము కూడా కళ్ల ముందు లైటు కొట్టిస్తాం, ఒక్కో వేగంతో. తల వెనక అలలు ఆ లైటును అనుసరించడం తరచూ కనిపిస్తుంది. వెలుగు ఎలా మిణుకుతుంటే చూపు భాగం అలా ఊగడంలో వింత లేదు. లోపల చెడిన లయ దానితో బాగుపడుతుందా అన్నది వేరే ప్రశ్న, దానికి ఇంకా గట్టి సమాధానం రాలేదు.

తమ్ముడు ఆశ కొద్దీ ఒక దీపం తెచ్చాడు. వాడిని తప్పుపట్టలేను. నాన్న "కళ్లు గుంజుతున్నాయి రా" అంటూ మొహం తిప్పుకునేవారు. మూడో రోజు తీసేశాం. డాక్టర్‌ని అడగకుండా మీరు ఆ పని చేయకండి. మిణుకుమనే వెలుగు కొందరిలో ఫిట్స్ రప్పిస్తుంది, అల్జీమర్స్ ఉన్నవాళ్లకు ఫిట్స్ వచ్చే అవకాశం అసలే ఎక్కువ. మా దగ్గర తేడా కనిపించగానే లైటు ఆపడానికి పక్కన మనిషి ఉంటాడు. ఇంట్లో ఎవరుంటారు?

ఈ తరంగాల శాస్త్రం మా ఇంట్లో ఉపయోగపడింది నిద్ర విషయంలో. గాఢ నిద్రలో వచ్చే నెమ్మది అలలు, వాటితో వచ్చే స్పిండిల్స్ అనే చిన్న వేగమైన అలల గుంపులు పగటి జ్ఞాపకాలను నిలబెట్టడానికి తోడ్పడతాయి. నాన్న గట్టిగా గురక పెడతారని డాక్టర్ గారికి చెప్పాలని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. పరీక్ష చేస్తే నిద్రలో శ్వాస ఆగుతోందని తేలింది. నిద్రలో శ్వాస ఆగకుండా గాలి పంపే మెషీన్ పెట్టాక జబ్బు పోలేదు, కానీ పగలు ఆయన తేరుకుని మాట్లాడే గంటలు పెరిగాయి.

కాబట్టి అమ్మగారు వేసుకునే మాత్రలన్నీ, నిద్ర కోసం అడపాదడపా వేసేవి కూడా, ఒక సంచిలో వేసి డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి. గురక, వినికిడి, చూపు గురించి చెప్పండి. ఈఈజీ రాస్తే ముందు రోజు తలస్నానం చేయించండి, నూనె రాయకండి, మాత్రలేవీ సొంతంగా ఆపకండి. రాత్రి ఎంతసేపు పడుకున్నారో తీసేవాళ్లకు చెప్పండి, కునుకు పడితే తట్టి లేపి కాసేపు మెలకువలో కూడా రికార్డు చేయమనండి. రిపోర్ట్ వచ్చాక అమ్మగారి పేరు తీసేసి అందులోని వాక్యాలు రాయండి. ఒక్కో మాటకు అర్థం ఏమిటో చెప్తాను, డాక్టర్‌ను అడగాల్సినవి అప్పుడు కలిసి రాసుకుందాం.