పాత కంప్యూటర్‌లో లినక్స్‌కు ఏ విండో మేనేజర్ తేలిక?

2 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్‌లో లినక్స్ వేసుకునే కొత్తవారికి ఐస్‌డబ్ల్యూఎం (IceWM) అనే విండో మేనేజర్ మంచి ఎంపిక. విండోలకు చట్రం గీయడం, వాటిని జరపడం, మూయడం వరకే విండో మేనేజర్ పని. గ్నోమ్, కేడీఈ వంటి పూర్తి డెస్క్‌టాప్‌లు వీటితోపాటు ఫైళ్ల వెతుకులాట, నోటిఫికేషన్ల వంటి సేవలనూ వెనుక నడుపుతాయి. మెమరీ అక్కడే ఖర్చవుతుంది.

ఓపెన్‌బాక్స్ అనే మరో విండో మేనేజర్ కూడా తేలికే, కానీ ప్యానెల్ (మెనూ, తెరిచిన విండోలు కనిపించే పట్టీ) విడిగా పెట్టుకోవాలి. హనుమకొండలో రోజంతా దరఖాస్తులు టైపు చేసే డీటీపీ దుకాణానికి ఆ తీరిక ఎక్కడిది? 1997 నుంచి ఉన్న ఐస్‌డబ్ల్యూఎంలో టాస్క్‌బార్, మెనూ ముందే ఉంటాయి. తెలుగు టైపింగ్‌కు వాడే ఐబస్ అనే ప్రోగ్రామ్ తనంతట తాను మొదలవ్వాలంటే మాత్రం దాన్ని ఐస్‌డబ్ల్యూఎం స్టార్టప్ ఫైలులో రాసుకోవాలి.

విండో మేనేజర్ మారిస్తే బ్రౌజర్ కూడా తేలికవుతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు; తెరిచిన ట్యాబులు తినే మెమరీ ఎక్కడైనా దాదాపు అంతే.