సినిమా సహజంగా ఉందా, వాస్తవంగా ఉందా?

సందేహం: గురువుగారూ నమస్తే. మొన్న ఒక వార్ మూవీ చూస్తూ "అబ్బ, ఎంత సహజంగా తీశాడో" అన్నాను. పక్కనే మా పెదనాన్నగారు ఉన్నారు, ఆయన ఆర్మీలో చేసి వచ్చారు. "ఏం సహజం, ఇందులో ఒక్కటీ వాస్తవం కాదు" అని లేచి వెళ్ళిపోయారు. సహజం, వాస్తవం ఒకటి కాదా? మరి "యదార్థ సంఘటన ఆధారంగా" అని వేస్తారు, అదేంటి? ఇంకోటి, ఆయన్ని మాజీ సైనికుడు అనాలా, విశ్రాంత సైనికుడు అనాలా, వెటరన్ అనాలా?

సమాధానం: అమ్మా, మీ మాటా తప్పు కాదు, ఆయన మాటా తప్పు కాదు. మీరు ఒకదాని గురించి మాట్లాడారు, ఆయన ఇంకోదాని గురించి మాట్లాడారు, అంతే. సహజం అంటే సహ ప్లస్ జ, పుట్టుకతోపాటు వచ్చింది, కృత్రిమం కానిది. సినిమా విషయంలో దీన్ని మనం ఎలా వాడతామంటే, నటన అతిగా లేదు, అతికించినట్టు లేదు, చూస్తుంటే నమ్మబుద్ధేస్తోంది అని. వాస్తవం వస్తువు అనే మాట నుంచి వచ్చింది, అసలు వస్తువు ఎలా ఉందో దానితో పోల్చి చూసి చెప్పాల్సిన మాట. సహజంగా ఉందో లేదో చెప్పడానికి ప్రేక్షకుడైతే చాలు, వాస్తవంగా ఉందని చెప్పాలంటే మాత్రం అసలుది చూసి ఉండాలి. మీ పెదనాన్నగారు చూశారు, అందుకే ఆయనకి ఆ బాధ.

మంచి ఉదాహరణ ది హర్ట్ లాకర్. 2010లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది, ఇరాక్‌లో బాంబులు నిర్వీర్యం చేసే టీమ్ కథ. మామూలు ప్రేక్షకులు ఊపిరి బిగబట్టి చూశారు, చెమట, దుమ్ము, భయం అన్నీ కళ్ళముందు కనిపిస్తాయి. కానీ ఇరాక్‌లో పనిచేసి వచ్చిన చాలామంది సైనికులు ఒప్పుకోలేదు. ముగ్గురే ఒక్క బండిలో ఎస్కార్ట్ లేకుండా ఊరంతా తిరగరు, టీమ్ లీడర్ తన మనుషుల్ని లెక్కచెయ్యకుండా ఇష్టమొచ్చినట్టు చేస్తే మర్నాడు అతని చేతిలో ఆ పని ఉండదు, క్యాంప్ దాటి రాత్రిపూట ఒంటరిగా ఊళ్ళోకి పోవడం అసలే కుదరదు అన్నారు. కథ జరిగేది 2004లో, వాళ్ళు వేసుకున్న యూనిఫామ్ సైనికులకి ఇవ్వడం మొదలుపెట్టింది 2005లో. అంటే ఆ సినిమా సహజంగా ఉంది, వాస్తవంగా లేదు. రెండు మాటలూ మన దగ్గర ఉన్నాయి కాబట్టే ఇంత తేలిగ్గా చెప్పగలిగాం, రెంటికీ కలిపి రియలిస్టిక్ అనేస్తే ఈ తేడా మాయమైపోతుంది.

దీనికి రివర్స్ కూడా ఉంది, నాకు అదే ఇంకా ఇంట్రెస్టింగ్‌గా అనిపిస్తుంది. వాస్తవంగా తీస్తే తెరమీద అసహజంగా కనిపించేవి చాలా ఉన్నాయి. సైనికులు నడిచేటప్పుడు ఒకళ్ళకొకళ్ళు దూరంగా నడుస్తారు, ఒక్క గ్రెనేడ్‌కి అందరూ దొరక్కూడదని. కెమెరాకి అది పనికిరాదు, అందరూ ఫ్రేమ్‌లో పట్టాలి, అందుకని భుజాలు రాసుకుంటూ కబుర్లు చెప్పుకుంటూ నడిపిస్తారు. హీరో ఆపకుండా కాలుస్తూనే ఉంటాడు, కానీ 30 తూటాల మ్యాగజైన్ నిమిషానికి 600 చొప్పున పేలితే ఖాళీ అవ్వడానికి పట్టేది 3 సెకన్లు, లెక్కేసి చూడండి. రైఫిల్ పేలితే శబ్దం 150 డెసిబెల్స్ దాటుతుంది, ఆ మోతలో చెవులు గింగురుమంటుంటే పక్కవాడి చెవిలో రహస్యం చెప్పడం ఎలా కుదురుతుంది. గ్రెనేడ్ పిన్ను పళ్ళతో లాగడం కూడా సినిమాకే, నిజంగా అది గట్టిగా బిగించి ఉంటుంది, చేత్తో లాగడానికే బలం కావాలి. వీటన్నిటికన్నా పెద్దది ఎదురుచూపు. యుద్ధానికి వెళ్ళొచ్చినవాళ్ళు తరచూ చెప్పేది అదే, రోజులకి రోజులు ఏమీ జరగదు, కాపలా, తవ్వకం, మొయ్యడం, నిద్రలేకపోవడం, మళ్ళీ కాపలా, మధ్యలో ఎప్పుడో కొద్ది నిమిషాల భయం. రెండు గంటల సినిమాలో ఆ రోజుల్ని ఎవరు చూపిస్తారు?

కొందరు ప్రయత్నించారు. వియత్నాం యుద్ధం మీద ప్లటూన్ (1986) తీసిన ఆలివర్ స్టోన్ స్వయంగా ఆ యుద్ధంలో సైనికుడిగా పనిచేసినవాడు. నటుల్ని షూటింగ్‌కి ముందే అడవిలోకి తీసుకెళ్ళి అమెరికా మెరీన్ దళంలో కెప్టెన్‌గా చేసి రిటైరైన డేల్ డై చేత ట్రైనింగ్ ఇప్పించాడు, బరువులు మోయించి, నిద్ర లేకుండా చేసి. మొహాల్లో అలసట నటించాల్సిన పనిలేకుండా నిజంగానే రావాలని. ఇక్కడ సహజం వాస్తవంలోంచి పుట్టింది. అదే డేల్ డై సేవింగ్ ప్రైవేట్ ర్యాన్ (1998)కి కూడా పనిచేశాడు. అందులో రెండో ప్రపంచయుద్ధంలో 1944 జూన్ 6న అమెరికా సైనికులు ఫ్రాన్స్ తీరంలోని ఒమాహా బీచ్‌లో దిగే సీన్ చూసి ఆనాటి యుద్ధంలో ఉన్న ముసలివాళ్ళు చాలామంది ఇది నిజంగా అలాగే ఉండేది అన్నారు, కొందరు తట్టుకోలేకపోయారు, అలాంటివాళ్ళు ఫోన్ చేసి మాట్లాడుకోడానికి అమెరికా ప్రభుత్వంలో మాజీ సైనికుల శాఖ ప్రత్యేకంగా హాట్‌లైన్ పెట్టాల్సొచ్చింది. కానీ ఎనిమిది మంది కలిసి ర్యాన్ అనే సైనికుడి కోసం వెతకడం, చివర్లో బ్రిడ్జి దగ్గర యుద్ధం, ఇదంతా కల్పన. ఒకే సినిమాలో కొంత వాస్తవం, కొంత కల్పన.

ఇక మీ మూడోమాట. ముందు స్పెల్లింగ్, యదార్థం కాదమ్మా, యథార్థం. యథా ప్లస్ అర్థ, ఉన్న విషయం ఉన్నట్టు అని. ఇది చెప్పిన మాటకి, జరిగిన సంగతికి వాడే మాట. "యథార్థ సంఘటన ఆధారంగా" అంటే సంఘటన జరిగింది అని మాత్రమే హామీ, దాన్ని చూపించిన తీరు వాస్తవం అని కాదు. మీ పెదనాన్నగారిలాంటి వాళ్ళు అలాంటి టైటిల్ చూసి కూర్చుని తర్వాత నొచ్చుకునేది ఇక్కడే.

తెలుగు డబ్బింగ్ వల్ల కూడా కొంత వాస్తవం పోతోంది. పాతకాలం యుద్ధంలో విలుకాళ్ళ సేనాపతి "కాల్చండి" అని అరుస్తాడు, నాకు ప్రాణం చివుక్కుమంటుంది. బాణాన్ని కాలుస్తారా ఎవరైనా? బాణం వేస్తారు, ఎక్కుపెడతారు, సంధిస్తారు, వదులుతారు. ఆయుధం విషయంలో కాల్చడం అనడం మందుగుండు వచ్చాక వచ్చింది. ఆ మాటకొస్తే ఇంగ్లీషులో ఫైర్ అనే ఆజ్ఞ కూడా తుపాకులతో వచ్చిందే. రేడియోలో "ఓవర్ అండ్ ఔట్" అనేది ఇంకోటి, ఇది డబ్బింగ్ వల్ల కాదు, అసలు సినిమాల్లోనే ఉంటుంది. సైన్యంలో ఓవర్ అంటే నా మాట అయింది, నువ్వు చెప్పు అని. ఔట్ అంటే ఇక మాట్లాడేది లేదు, ఉంటా అని. రెండూ కలిపితే "నువ్వు చెప్పు, నేను పెట్టేస్తున్నా" అన్నట్టు. సైన్యంలో రేడియో సమాచారాలు చూసే సిగ్నల్స్ విభాగంలో పనిచేసినవాళ్ళు ఎవరూ అలా అనరు. వినపడకపోతే "రిపీట్" అని కూడా అనరు, ఫిరంగి దళంలో ఆ మాటకి మళ్ళీ అదేచోట కాల్చమని అర్థం, అందుకని "సే అగైన్" అంటారు. ఒక్క మాట తేడాతో ప్రాణాలు పోయే చోటు కాబట్టి వాళ్ళకి మాటల మీద ఉన్న శ్రద్ధ మనకన్నా ఎక్కువ, నాకు ఆ శ్రద్ధంటే చాలా గౌరవం.

చివరిది. మాజీ అనేది అరబ్బీ నుంచి వచ్చింది, గడిచిపోయినది అని. విశ్రాంత అంటే విశ్రాంతి తీసుకుంటున్న, అంటే పూర్తి సర్వీసు చేసి రిటైరైనవాళ్ళకి సరిపోతుంది. మధ్యలో బయటికొచ్చినవాళ్ళకి, గాయపడి వచ్చేసినవాళ్ళకి అది నప్పదు. మాజీ సైనికుడు అందరికీ సరిపోతుంది, వాడుకలో స్థిరపడింది కూడా. వెటరన్‌తో చిక్కేంటంటే మనం వెటరన్ నటుడు, వెటరన్ ప్లేయర్ అని సీనియర్ అనే అర్థంలో వాడేస్తున్నాం, పైగా అది విన్నవాళ్ళు యుద్ధం చేసొచ్చిన మనిషి అనుకుంటారు. సైన్యంలో ఉన్న అందరూ యుద్ధం చూడరు, చూసినవాళ్ళలో కూడా వంటమనిషికి కనపడింది వేరు, డ్రైవర్‌కి వేరు, ముందు వరసలో ఉన్నవాడికి వేరు. అందుకని మీ పెదనాన్నగారిని మాజీ సైనికుడు అని రాయండి, ఆయన యుద్ధంలో ఉండి ఉంటే "ఫలానా యుద్ధంలో ఫలానా పని చేశారు" అని పక్కన విడిగా రాయండి. ఆ రెండో వాక్యం కోసం ఆయన్నే అడగండి, సినిమాలో ఆయనకి ఏ సీన్ దగ్గర లేవాలనిపించిందో అప్పుడు చెప్తారు.