ఇల్లు, పని, చేతివిద్య: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల నుంచి వచ్చాయి. ఒకే సంగతి అడిగిన వాటిని కలిపి ఒకే జవాబు ఇస్తున్నాం.

*ఇంట్లో మినప అప్పడాలు చేసి పెద్దబజారులో రెండు కిరాణా కొట్లకు వేస్తున్నాను. ఎండాకాలం ఏ గొడవా ఉండదు. ఆషాఢం వచ్చేసరికి ప్యాకెట్‌లోనే బూజు పడుతున్నాయి. ఆ భయంతో బాగా ఎండబెడితే అంచులు పగిలి ముక్కలవుతున్నాయి. పైగా వేయిస్తే ఎర్రబడుతున్నాయని కొట్టువాళ్లు వెనక్కి పంపుతున్నారు. ఏం చేయాలి?*
ఒక గృహిణి, బరంపురం

బూజు, పగుళ్లు రెండూ తేమ లెక్క తప్పడం వల్ల వచ్చేవే. ఎరుపు మాత్రం వేరే సంగతి, అది పాపడ్‌ఖార్ (అప్పడాల్లో వేసే క్షారం) ఎక్కువైనందుకు వస్తుంది.

ముందు పాళ్లు సరిచూసుకోండి. పొట్టు లేని మినప్పప్పు మెత్తగా మర పట్టించిన పిండి కిలోకి ఉప్పు 75 గ్రాములు, పాపడ్‌ఖార్ 10 గ్రాములు, మిరియాలూ జీలకర్రా కలిపి 25 గ్రాములు, ఇంగువ మీ ఇష్టం. నీళ్లు 430 మిల్లీలీటర్ల దగ్గర మొదలుపెట్టండి. పాత పప్పయితే ఇంకో 20 అడగొచ్చు. ఉప్పు, ఖార్ ఆ నీళ్లలోనే వేసి ఒక పొంగు రానిచ్చి, చల్లార్చి, వడగట్టి పిండిలో పోయాలి. పొడిగా పిండిలో కలిపితే ఖార్ అంతటా సమంగా అంటదు. అలాంటి అప్పడం వేయిస్తే అక్కడక్కడ ఎర్ర మచ్చలు తేలతాయి. మొత్తం అప్పడమే ఎర్రబడి, నాలుక మీద సబ్బు రుచి తగిలిందంటే మాత్రం ఖార్ పాలు మించినట్టే. చెంచాతో కాకుండా తూచి వేయండి. ఒక్కొక్క దుకాణం ఖార్ ఒక్కో ఘాటుతో ఉంటుంది కాబట్టి కొత్త పొట్లం విప్పినప్పుడల్లా పావు కిలో పిండితో ముందు చూసుకోవాలి. నూనె పొగలు కక్కేంత కాగినా ఎర్రబడతాయి. కొట్టువాళ్లతో ఆ మాట కూడా అనండి.

ముద్దను గంటసేపు తడిగుడ్డ కింద ఉంచి, నూనె చేయి రాసుకుంటూ రోకలితో సాగేదాకా దంచాలి. ఈ దంపుడు దగ్గర బద్ధకిస్తే ఒత్తేటప్పుడు అంచు చీలుతుంది, ఆ చీలికే ఎండాక పగులు అవుతుంది. ఉండ 12 గ్రాములు, ఒత్తిన అప్పడం 6 అంగుళాలు ఉండేలా చూసుకుంటే మందం అర మిల్లీమీటరుకు కాస్త అటూఇటూగా వస్తుంది. కిలో పిండికి 125 దాకా దిగాలి.

ఇక ఎండు. పచ్చి అప్పడంలో మూడో వంతు నీరే. అది 14, 15 శాతానికి దిగిన చోట ఆపాలి. అంతకన్నా ఎక్కువుంటే బూజు, బాగా తక్కువైతే పగుళ్లు. చేత్తో పట్టుకుని చూస్తే వానాకాలం మోసపోతాం. ఎందుకంటే అంచు ముందు ఆరుతుంది, నడిమి భాగం పచ్చిగానే ఉంటుంది. గ్రాము దాకా తూగే వంటింటి త్రాసు ఉంటే చాలు. పైన చెప్పిన పాళ్లతో ఒత్తిన పది అప్పడాలు 120 గ్రాములు తూగితే, అవే పది 91, 92 గ్రాములకు దిగగానే ఎండు సరిపోయింది. 95 దగ్గర ప్యాక్ చేస్తే ఆ ప్యాకెట్‌కు బూజు తప్పదు. 88 కన్నా దిగితే కొట్టుకు చేరేలోపు విరుగుతాయి. ప్రతి వాయిలోనూ ఒక పదింటికి గుర్తు పెట్టి తూచండి, అన్నీ తూచక్కర్లేదు.

మబ్బు రోజున బయట వేయకండి. గంజాం తీరపు గాలిలో వానాకాలం అప్పడం ఆరకపోగా తేమ లాగుతుంది. గదిలో నైలాన్ వల బిగించిన చట్రాల మీద పరిచి, ఫ్యాను వేసి, గంటకోసారి తిరగేయాలి. నూటికి డెబ్భై పాళ్లు ఆరాక దొంతర పేర్చి, పొడి నూలుగుడ్డ చుట్టి, రాత్రంతా ఉంచండి. నడిమి చెమ్మ అంచులకు పాకి సర్దుకుంటుంది. మర్నాడు మళ్లీ విప్పి పరిచి, తూకం చూసి ముగించాలి. మీ సరుకు పగలడానికి, బూజు పట్టడానికి మూలం చాలావరకు ఈ రాత్రి విడిది లేకపోవడమే అనిపిస్తోంది. వెచ్చగా ఉండగా కవరులో పెడితే లోపల ఆవిరి పడుతుంది. పూర్తిగా చల్లారాకే మందపాటి కవరులో పెట్టి సీలు చేయాలి. పిన్ను కొట్టిన పలచటి కవరు వానాకాలానికి పనికిరాదు.

కొట్లకు వేస్తున్నారు కాబట్టి ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇంటి తయారీకి బేసిక్ రిజిస్ట్రేషన్ ఆ సంస్థ ఫాస్కోస్ పోర్టల్‌లోనే అవుతుంది. 14 అంకెల ఆ నంబరు, దినుసులు, నికర బరువు, ఎమ్మార్పీ, తయారీ తేదీ, ఎన్నాళ్లలో వాడాలి, మీ చిరునామా, ఇవన్నీ ప్యాకెట్ మీద పడాలి. అప్పడాల మీద జీఎస్టీ లేదు, ఆ భయం వదిలేయండి.

*మా పాప ఒడియా మీడియంలో నాలుగో తరగతి. ఇంట్లో తెలుగు గడగడా మాట్లాడుతుంది గానీ చదవలేదు. అ ఆలు మొదలుపెట్టి మూడుసార్లు మానేశాం. ఎక్కడ మొదలుపెట్టాలి?*
ఒక తండ్రి, పర్లాకిమిడి

అ నుంచి ఱ దాకా వరసగా దిద్దించాలనుకోవడమే మానేయడానికి దారి తీస్తోంది. అక్షరమంటే ఏమిటో, గుణింతమంటే ఏమిటో నాలుగో తరగతి పిల్లకు ఒడియాలో ఇప్పటికే తెలుసు. కొత్తగా నేర్వాల్సింది గీతలూ, రెండు లిపులూ వేరుపడే చోట్లూ మాత్రమే. ఆ చోట్లు పట్టుకుంటే రోజుకు 20 నిమిషాలు చాలు. అంతకు మించి కూర్చోబెట్టకండి.

మొదటి వారం న, ల, మ, ర, క, ప, త, ట అనే ఎనిమిది అక్షరాలు, వాటికి తలకట్టు, దీర్ఘం. వీటితోనే పాట, మాట, తాత, కాలం, నాటకం లాంటి మాటలు వచ్చేస్తాయి (సున్నా రెండో రోజే చెప్పేయండి). రోజుకు మూడు అట్టముక్కలు రాసి, ఆ వస్తువు ఇంట్లో ఉంటే దాని పక్కనే పెట్టండి. రెండో వారం గుడి, కొమ్ము. మూడో వారం ఎత్వం, ఒత్వం. వత్తుల జోలికి నెల దాటాకే వెళ్లండి.

అసలు తడబాటు ఎక్కడంటే, ఒడియాలో విడి హల్లు చివర అచ్చు 'ఒ' వైపు మొగ్గుతుంది. కాబట్టి 'పలక' అని రాసి ఇస్తే 'పొలొకొ' అని చదవడం సహజం. అది తప్పని గద్దించకుండా తలకట్టు చూపించి 'ఇదుంటే నోరు తెరవాలి' అనండి. రెండోది హ్రస్వదీర్ఘాలు. ఒడియాలో ఇ, ఈలకు, ఉ, ఊలకు రాతలో తేడా ఉంది, పలుకులో లేదు. ఎ, ఏలకూ ఒ, ఓలకూ అయితే అక్షరాలే విడిగా లేవు. పాప నోట 'నేల' సరిగానే పలుకుతుంది, రాస్తే మాత్రం 'నెల' అవుతుంది. అందుకని జంట మాటలు చెప్పి రాయించండి: నెల నేల, మెడ మేడ, కొన కోన, ఒడి ఓడి, పుట పూట, విడు వీడు. మీరు పలకాలి, పాప రాయాలి. చూసి రాయించడం వల్ల చెవి పదునెక్కదు. మూడోది వ, బ. బడిలో వకారం బకారంగా వినబడుతుంది కాబట్టి 'వంట' కాస్తా 'బంట' కావచ్చు. పై పళ్లు కింది పెదవికి తగిలించి చూపిస్తే సరిపోతుంది. ళ, ణలతో మీకు పనే ఉండదు. ఒడియా పిల్లలు వాటిని హైదరాబాదు పిల్లలకన్నా శుభ్రంగా పలుకుతారు!

వత్తుల దగ్గర ఒక్కటి గుర్తుంచుకోండి. 'ధర్మం' రాసేటప్పుడు తెలుగులో ర ముందు వచ్చి మావత్తు దాని కిందకు చేరుతుంది. ఒడియాలో రకారం తర్వాతి అక్షరం నెత్తికెక్కుతుంది. అర్థం, మార్గం, తీర్పు లాంటి మాటలు పది విడిగా ఒకరోజు చేయించాలి.

చదివించడానికి పాఠ్యపుస్తకం కన్నా మీ ఇంటి మాటే మేలు. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి వాదించింది మీ ఊళ్లో ఉన్న కాలంలోనే. నాయనమ్మ చెప్పిన కథను నాలుగు వాక్యాలుగా, ఆవిడ యాసలోనే పెద్దక్షరాలతో రాసి చదివించండి. కథ ముందే తెలుసు గనుక పిల్ల ఊహించి చదివేస్తుందని కొందరు సందేహిస్తారు. చదవనివ్వండి. మర్నాడు అవే వాక్యాల మాటలను కత్తిరించి కలగలిపి ఇస్తే ఊహ ఎంతో చదువు ఎంతో తేలిపోతుంది.

*మగ్గం వర్క్ నేర్చుకుని ఏడాదైంది. చట్రం మీద బాగానే కనబడుతుంది, కుట్టాక బ్లౌజు మెడ దగ్గర ముడతలు పడుతోంది. పూసలు రాలుతున్నాయి. ఎంత అడగాలో కూడా తెలియక అడిగినంతకే ఇచ్చేస్తున్నాను.*
ఒక కుట్టుపని చెల్లెలు, గుణుపురం

ముడత చట్రంలోనే మొదలవుతోంది. గుడ్డను నిలువుపోగు, అడ్డపోగు చట్రం కర్రలకు సమాంతరంగా ఉండేలా బిగించాలి. కాస్త ఐమూలగా బిగిస్తే పనయ్యాక గుడ్డ తన దారికి తిరిగిపోతూ కుట్టును గుంజుతుంది. వేలితో మీటితే డప్పులా మోగాలి, రెండు మూడు గంటలకోసారి వదులు చూసి మళ్లీ లాగాలి. పలచటి సిల్కుకు కింద నూలు లైనింగు కలిపి బిగించండి, ఆ లైనింగును ముందే తడిపి ఆరేయాలి. దారం మరీ లాగి కుట్టినా మెడ చుట్టూ ఉంగరంలా బిగుసుకుంటుంది.

బ్లౌజు కత్తిరించకముందే పని చేయాలన్నది మీకు తెలిసే ఉంటుంది. గీత గీసేటప్పుడు మెడకూ చేతి అంచుకూ అరంగుళం, పక్కలకు అంగుళన్నర ఖాళీ వదలండి. కుట్టు పడే చోట పూస ఉంటే మిషను సూదైనా విరుగుతుంది, పూసైనా పగులుతుంది. ఆ ఒక్క పూస దారం తెగితే వరసంతా జారుతుంది. రాలకుండా ఉండాలంటే ప్రతి ఎనిమిది పది పూసలకు వెనకవైపు ముడి వేసుకుంటూ పోవాలి. పని మొత్తానికి చివర్లో ఒక్క ముడితో సరిపెట్టేవాళ్లవే రాలేది. వెనక జిగురు పూయడం కొందరు నేర్పుతారు, వద్దు. గుడ్డ అట్టకట్టి ఒంటికి గుచ్చుకుంటుంది.

మజూరీకి ఒక చీటీ పెట్టుకోండి. కూర్చున్న టైము, లేచిన టైము రాయడమే, ఇంకేం లేదు. గంటకు 60 రూపాయలు అనుకుందాం. 14 గంటల పనికి 840. పూసలు, జర్దోసీ, దారం 310. కలిపి 1150. సూదులు, కరెంటు, పాడైన సామాను కింద పదో వంతు 115. అంటే 1265, బ్లౌజు కుట్టుకూలి దీనికి వేరు. చుట్టాలకు తగ్గించదలిస్తే మీ గంటల్లో తగ్గించుకోండి, సామాను డబ్బు మాత్రం ముందే తీసుకోండి. పెళ్లిళ్ల సీజనులో సామాను అప్పు మీద తెచ్చి, మజూరీ బాకీ పడి, మధ్యలో నలిగేది కుట్టేవాళ్లే.

*ఉద్యోగం, వంట, పిల్లలు అయ్యేసరికి రాత్రి పదిన్నర. కథలు రాయాలని ఉంది. మొదటి పేజీ దాటడం లేదు.*
ఒక ఉద్యోగిని, రాయగడ

పదిన్నరకు కొత్తది పుట్టదు, ఆ వేళకు దిద్దే పనే అవుతుంది. కొత్త వాక్యాలకు పొద్దున్నే అరగంట గానీ, మధ్యాహ్నం భోజనమయ్యాక ఇరవై నిమిషాలు గానీ కేటాయించండి. ఆ సమయంలో రాసిన దాన్ని వెనక్కి తిరిగి చదవకూడదు. మీ మొదటి పేజీ దాటకపోవడానికి కారణం దాన్నే పదిసార్లు దిద్దుకోవడం కావచ్చు. వంట చేస్తూ తట్టిన సంభాషణ ఉంటే ఫోన్‌లో తెలుగు వాయిస్ టైపింగ్‌తో చెప్పేయండి. పేర్లు, సంధులు తప్పుగా పడతాయి, రాత్రి సరిచేయొచ్చు. ఆదివారం మాత్రం ఇంట్లోవాళ్లతో ఒక గంట ఒప్పందం కుదుర్చుకోండి. 'కాస్త తీరిక ఇవ్వండి' అంటే ఎవరూ ఇవ్వరు, 'మూడు నుంచి నాలుగు దాకా టీ మీరే పెట్టుకోండి' అంటే పని జరుగుతుంది.

పత్రికలకు పంపేటప్పుడు యూనికోడ్‌లో టైపు చేసి పంపండి. కథ మీ సొంతమనీ, ఎక్కడా అచ్చు కాలేదనీ, వేరే పత్రిక పరిశీలనలో లేదనీ హామీపత్రం జతచేయాలి. దాన్ని మరిచిపోయి మంచి కథలు పక్కన పడిపోతుంటాయి.

*అమ్మ ఇచ్చిన బరంపురం పట్టుచీర మడత దగ్గర చీలుతోంది. జరీ నల్లబడింది.*
ఒక పాఠకురాలు, ఛత్రపురం

ఏళ్లతరబడి ఒకే మడతలో ఉంటే పోగు అక్కడే విరుగుతుంది. మూడు నెలలకోసారి విప్పి, నీడలో గంటసేపు గాలికి వేసి, మడత మార్చి పెట్టండి. ఉతికిన తెల్ల నూలుగుడ్డలో చుట్టాలి, ప్లాస్టిక్ కవరు వద్దు. కలరా ఉండలు జరీకి తగలకూడదు. సెంటు చీర మీద కొట్టకండి, చెమట పట్టిన చీరను ఆరకుండా మడవకండి. చీలిన చోట వెనక నుంచి అదే రంగు పలచటి పట్టుగుడ్డ పెట్టి, కనబడని కుట్టుతో పట్టించుకోవచ్చు, చీలిక జానెడు దాటకముందే చేయించండి. నల్లబడిన జరీకి నిమ్మరసం, టూత్‌పేస్ట్ లాంటివి రుద్దితే పైపూత కూడా పోతుంది. దాన్ని అలాగే వదిలేయడమే మంచిది.