మేకపోతు గాంభీర్యం పనికొస్తుందా?

"లోపల భయంగా ఉన్నా బయటికి ధైర్యం ఉన్నట్టు నటిస్తే నిజంగా పైకి రావచ్చా?" అని అడిగారు. నా మట్టుకు నాకు ఆ నటన అన్నం పెట్టింది, ఒకసారి తల దించుకునేలా కూడా చేసింది. రెండూ చెప్తాను.

2007లో బీఎస్సీ అయ్యాక మెడికల్ రెప్‌గా చేరాను. మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. కొత్తవాళ్ల ముందు నోరు పెగిలేది కాదు. అలాంటివాడి మెడకు టై కట్టి, చేతికి నల్ల బ్యాగు ఇచ్చి గుంటూరు కొత్తపేటలో వదిలారు. కొత్తపేట చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు, ఎటు తిరిగినా ఆసుపత్రులే. ఓపీ అయ్యేదాకా బయట నిలబడి, పిలుపు రాగానే లోపలికెళ్లి, రెండు నిమిషాల్లో మన మందు గురించి చెప్పి బయటపడాలి. అలా రోజుకు పదిమంది డాక్టర్లు.

మొదటి రోజు విజువల్ ఎయిడ్ (డాక్టరుకు మందు గురించి చూపించే బొమ్మల పుస్తకం) తెరిచి పట్టుకుంటే పేజీలు టపటపా కొట్టుకున్నాయి. గాలికేమో అనుకుని డాక్టరుగారు లేచి ఫ్యాను తగ్గించారు. అయినా కొట్టుకుంటూనే ఉన్నాయి.

ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర మా మేనేజరు ఒక మాటన్నాడు. "అబ్బాయ్, నీ భయం నీకు తెలుసు గానీ ఆయనకేం తెలుసు? నువ్వు చూపిస్తేనే కదా!" నాకది బాగా పట్టింది. మర్నాటి నుంచి విజువల్ ఎయిడ్‌ను టేబుల్ అంచుకు ఆనించి పట్టుకోవడం మొదలుపెట్టాను, ఇక చెయ్యి వణికినా కనపడదు. మొదటి వాక్యం ఒక్కటీ బట్టీ పట్టేవాణ్ని. లోపలికెళ్లాక మనసులో మూడు అంకెలు లెక్కపెట్టి అప్పుడు నోరు తెరిచేవాణ్ని. ఇదంతా నటనే. రెండు నెలలు తిరిగేసరికి నటిస్తున్న సంగతే మర్చిపోయాను. ధైర్యం ఎక్కణ్ణుంచో ఊడిపడలేదు. అదే గదిలోకి పదిసార్లు వెళ్లొచ్చాక భయపడటానికి కొత్తగా ఏమీ మిగల్లేదు, అంతే. ఆ పదిసార్లూ గుమ్మం దాటించింది మాత్రం నటనే.

గొడవంతా ఆ తర్వాత వచ్చింది. నటన బాగా కుదిరేసరికి, తెలియనివి కూడా తెలిసినట్టే చెప్పడం అలవాటైంది.

మాకు గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిపిన షుగరు మాత్ర ఒకటి ఉండేది. ఒక పెద్ద ఫిజీషియన్ దగ్గర దాని గురించి చెప్తుంటే ఆయన ఎదురుగా ఉన్న రిపోర్టు చూస్తూ, "ఈయనకు క్రియాటినిన్ 2.1 ఉంది. ఇవ్వొచ్చా?" అన్నారు. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష అది, అంకె పెరిగితే కిడ్నీలు దెబ్బతిన్నట్టు. నాకు తెలీదు. అయినా మూడు అంకెలు లెక్కపెట్టి, గొంతు సవరించుకుని, "పూర్తిగా సేఫ్ సార్" అన్నాను. అంత చక్కగా అంతకుముందు ఏ వాక్యమూ చెప్పలేదు.

ఆయన నేనిచ్చిన శాంపిల్ పెట్టె విప్పి, లోపలి కాగితం మడతలు ఒక్కొక్కటే తీసి, టేబుల్ మీద పరిచి, పెన్నుతో ఒక లైను కింద గీత గీశారు. మెట్‌ఫార్మిన్ ఒంట్లోంచి బయటికి పోయేది కిడ్నీల ద్వారానే. కిడ్నీలు దెబ్బతింటే అది పేరుకుపోయి లాక్టిక్ అసిడోసిస్‌కు, అంటే రక్తంలో ఆమ్లం పెరిగిపోవడానికి, దారితీయొచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. అప్పటి లెక్క ప్రకారం మగవాళ్లకు క్రియాటినిన్ 1.5 చేరితే చాలు, ఇక ఇవ్వకూడదు. అది మా పెట్టెలో, మా కాగితం మీద, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

"తెలీదంటే నేనే చూసుకునేవాణ్ని కదయ్యా. తెలుసన్నావు చూడు, అదీ భయం" అన్నారు. కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది. ఆ పేషెంటు అక్కడే కూర్చుని ఉన్నాడు, పల్నాడు వైపు నుంచి వచ్చిన పెద్దాయన. మేం మాట్లాడుకునేది తన గురించేనని ఆయనకు తెలియను కూడా తెలియదు.

చిన్నప్పుడు విన్న కథలో మేకపోతు గడ్డం ఊపి సింహాన్నే బెదరగొడుతుంది. అక్కడ సింహం ఎదురు ప్రశ్న వెయ్యలేదు, మేక బతికిపోయింది.

కొన్నాళ్లకే, 2009 జనవరి 7న, సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చింది. లేని 5,040 కోట్లు ఉన్నట్టు లెక్కల్లో చూపించామని, మొదట్లో చిన్నగా ఉన్న తేడా ఏటేటా పెరిగిందని, పులి మీద స్వారీలా అయిందని రాశారు. ఊరంతా ఆ కోట్ల గురించి మాట్లాడుకుంటుంటే నాకు మాత్రం ఆ గీత గీసిన కాగితమే గుర్తొచ్చింది. డాక్టరుగారు ఆ రోజు ఆ కాగితం విప్పకపోతే మర్నాడు ఇంకో గదిలో కూడా "పూర్తిగా సేఫ్" అనేవాణ్నే.

ఆ సంఘటన తర్వాత జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకున్నాను. తెలియనిది అడిగితే, "తెలియదు సార్, కనుక్కుని రేపు చెప్తాను" అని ఆయన ఎదురుగానే రాసుకునేవాణ్ని. ఈ మాట అనడానికి కావాల్సిన ధైర్యాన్ని కూడా మొదట్లో నటించాల్సే వచ్చింది! దీనివల్ల వ్యాపారం దెబ్బతింటుందనుకున్నాను గానీ, మర్నాడు మళ్లీ లోపలికెళ్లడానికి నాకో కారణం దొరికింది. మిగతా రెప్‌లు నెలకోసారి కలిసే డాక్టరును నేను వారంలో రెండుసార్లు కలిసేవాణ్ని. నా ఏరియాలో టార్గెట్ మొదటిసారి అందుకున్నది ఆ ఏడాదే.

ఇంతకీ నాకు ధైర్యం నేర్పిన మేనేజరు సైకిల్ మీటింగ్ (కంపెనీ పెద్దల ముందు అమ్మకాల లెక్క చెప్పే సమావేశం) అంటే చాలు, పొద్దున్నుంచీ మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టేవాడు కాదు. కడుపు నిలవదని తర్వాతెప్పుడో చెప్పాడు.

కాళ్లు ఎడంగా పెట్టి, నడుం మీద చేతులేసుకుని రెండు నిమిషాలు నిలబడితే ఒంట్లో హార్మోన్లే మారిపోతాయని ఒక వీడియో చాలామంది చూసే ఉంటారు. 2012లో ఎమీ కడ్డీ అనే అమెరికా సైకాలజిస్టు ఇచ్చిన ప్రసంగం అది. దాని వెనక 2010 నాటి పరిశోధన 42 మంది మీద చేసింది. 2015లో వేరేవాళ్లు 200 మందితో చేసి చూస్తే హార్మోన్లు కదల్లేదు, మనసుకు కాస్త బలంగా అనిపించిందంతే. నా అనుభవం కూడా సరిగ్గా అంతే. ఇంటర్వ్యూ ముందు బాత్రూములో అలా నిలబడతానంటే నిలబడండి, నష్టమేం లేదు. లోపల అడగబోయే ప్రశ్నకు జవాబు మాత్రం ఆ భంగిమలోంచి పుట్టదు.

ఇప్పుడు నేనే మేనేజర్ని. పోయిన నెల ఒక కొత్త కుర్రాణ్ని నరసరావుపేటలో మొదటిసారి డాక్టరును కలవడానికి తీసుకెళ్లాను. దారంతా వాడికి ఒకటే నూరిపోశాను: వణుకు దాచుకో, తెలియకపోవడం మాత్రం దాచుకోకు. లోపలికెళ్లి నమస్కారం పెట్టాడు. డాక్టరమ్మ నవ్వుతూ, "కొత్తగా వచ్చావా? ఏ ఊరు బాబూ మీది?" అన్నారు.

వాడు జేబులోంచి నోటుబుక్కు తీసి, "తెలియదు మేడం, కనుక్కుని రేపు చెప్తాను" అన్నాడు.