టీడీఎస్ కోసినంత మాత్రాన పథకాలు పోతాయా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. వయసు 36. బిల్డింగులకు రంగులు వేస్తాను. నాలుగేళ్లుగా ఒకే నిర్మాణ సంస్థలో పని. నెలకు రూ.30,000 బిల్లు. ‘కన్సల్టెంట్’ అని రాసుకుని పది శాతం టీడీఎస్ (బిల్లులోంచే ముందుగా మినహాయించే ఆదాయపు పన్ను) కోసి, రూ.27,000 బ్యాంకులో వేస్తున్నారు. రిటర్ను వేస్తే ఆ డబ్బు తిరిగొస్తుందట. కానీ ప్రభుత్వ పథకాలు పోతాయని ఇంట్లో భయపడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: రిటర్ను వేయండి. అసలు వేయక తప్పదు కూడా. ఏడాదిలో టీడీఎస్ రూ.25,000 లేదా అంతకు మించి ఉంటే, ఆదాయం ఎంత తక్కువైనా రిటర్ను తప్పనిసరి. మీకు కోసింది రూ.36,000. 2025-26లో కొత్త పన్ను విధానంలో రూ.4 లక్షల వరకు పన్నే లేదు కాబట్టి, మీకు వేరే ఆదాయం లేకపోతే మొత్తం వాపసు వస్తుంది. ముందు 26ఏఎస్ (మీ పేరిట జమయిన పన్ను వివరాల పత్రం) తీయించి, ఆ సొమ్ము మీ పాన్‌లో జమయిందో లేదో చూసుకోండి.

పథకాల భయం చాలామందిది. టీడీఎస్ కోయడం, రిటర్ను వేయడం వేరు. పన్ను బాకీ ఉండటం వేరు. కేంద్రం పెన్షన్ పథకం అటల్ పెన్షన్ యోజననే చూడండి. 2022 అక్టోబరు 1 నుంచి ఆదాయపు పన్ను చెల్లింపుదారులకు అందులో చేరే వీల్లేదు. కానీ చట్ట ప్రకారం పన్ను కట్టాల్సిన బాధ్యత ఉన్నవారే చెల్లింపుదారులని ఆ ఉత్తర్వులోనే ఉంది. మీరు ఆ లెక్కలోకి రారు. నలభై దాటకముందే చేరండి. రిటర్ను ప్రాసెస్ అయ్యాక ఆదాయపు పన్ను శాఖ నుంచి వచ్చే ఇంటిమేషన్‌లో పన్ను సున్నా అని ఉంటుంది. దాని ప్రింటు దాచుకోండి. సచివాలయంలో ఎవరైనా అభ్యంతరం పెడితే అదే మీ ఆధారం.

ఇక ఆ పది శాతం సంగతి. అది వృత్తి నిపుణుల ఫీజుకు వర్తించే రేటు. రంగుల పని కాంట్రాక్టు పని, వ్యక్తికి ఒక శాతమే. అంటే నెలకు రూ.300 కోయాల్సిన చోట రూ.3,000 కోస్తున్నారు. ఇంతే జీతం తెచ్చుకునే ఉద్యోగికి టీడీఎస్ కింద రూపాయి కూడా కోయరు. రోజు కష్టంతో బతికే మనిషి డబ్బును నెలల తరబడి ఇలా బిగబట్టడం అన్యాయం. రేటు సరిచేయమని సంస్థకు రాతపూర్వకంగా అడగండి, నకలుపై అందినట్టు సంతకం తీసుకోండి.

మరో మాట. రోజూ మస్టర్‌లో (హాజరు పట్టీలో) సంతకం, సూపర్‌వైజర్ చెప్పిన వేళకు రావడం, బ్రష్షులు, నిచ్చెనలు వాళ్లవే. ఇలా ఉంటే ‘కన్సల్టెంట్’ అన్న పేరు కోర్టులో నిలవడం కష్టం. అజమాయిషీ ఎవరిదన్నది ముఖ్యంగా చూస్తారు. ఉద్యోగికి ఉండే హక్కులు అడగవచ్చు. మస్టర్ ఫొటోలు, సూపర్‌వైజర్ వాట్సాప్ మెసేజీలు చెరిపేయకండి.

అది తేలేలోపు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకోండి. గత 12 నెలల్లో 90 రోజులు పని చేసినట్టు చూపిస్తే చాలు, పెయింటర్లకూ అర్హత ఉంది.